ప్యూరిటన్ల నమ్మకాలు, తొలినాళ్ళ అమెరికన్ సాహిత్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎం.ఏ. ఇంగ్లిష్‌లో చేరినవాళ్ళకైనా, నెట్, సెట్ పరీక్షలకు చదివేవాళ్ళకైనా అమెరికన్ సాహిత్యం పేపరు తెరవగానే మొదట ఎదురయ్యేది ప్యూరిటన్లే. ప్రసంగాలు, డైరీలు, కీర్తనలు, నరకం గురించిన హెచ్చరికలు చూసి ‘ఇందులో సాహిత్యం ఏముంది’ అనుకుని చాలామంది ఆ యూనిట్‌ను గైడుతో గట్టెక్కించేస్తారు. అది పెద్ద నష్టం. ఆ నమ్మకాల్లో ఒక ముడి ఉంది. దాన్ని విప్పితే మిగతావన్నీ చదవబుద్ధేస్తాయి. తాను రక్షణ పొందినవాడో కాదో ప్యూరిటన్‌కి ఎన్నటికీ పూర్తిగా తెలియదు, అయినా తెలుసుకోవాలని వెతుకుతూనే ఉండాలి. వాళ్ళచేత రాయించింది ఆ వెతుకులాటే. కింది జవాబుల్లో చాలావరకు ఈ మాట దగ్గరికే తిరిగి వస్తాయి.

ప్యూరిటన్లు అంటే ఎవరు?

1534లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ పోప్ అధికారాన్ని తోసిపుచ్చి ఇంగ్లండ్ చర్చికి తానే అధిపతి అయ్యాడు. అధిపతి మారినా బిషప్పులు, పూజారి వస్త్రాలు, మోకరించి ప్రభురాత్రి భోజనం తీసుకోవడం వంటి పాత పద్ధతులు చాలావరకు అలాగే మిగిలాయి. బైబిల్లో లేనిదేదీ ఆరాధనలో ఉండకూడదని, చర్చిని ఇంకా శుద్ధి చేయాలని పట్టుబట్టినవాళ్ళను ఎదుటివాళ్ళు ఎగతాళిగా ‘ప్యూరిటన్లు’ అన్నారు. ఎలిజబెత్ రాణి కాలంలో పుట్టిన ఆ తిట్టే చివరికి చరిత్రలో వాళ్ళ పేరై నిలిచిపోయింది.

పిల్‌గ్రిములు, ప్యూరిటన్లు ఒకరేనా?

కాదు. పరీక్షల్లో మార్కులు ఎక్కువగా పోయేది ఈ ప్రశ్న దగ్గరే. పిల్‌గ్రిములు ఇంగ్లండ్ చర్చి ఇక బాగుపడదని దాన్ని పూర్తిగా వదిలేసినవాళ్ళు. స్క్రూబీ అనే ఊరి చుట్టుపక్కల నుంచి హాలండ్ వెళ్ళి, లైడెన్‌లో పన్నెండేళ్ళకు దగ్గరగా గడిపి, 1620లో మేఫ్లవర్ ఓడలో అమెరికా చేరారు. ఓడలో 102 మంది ప్రయాణికులు ఉంటే మొదటి చలికాలం ముగిసేసరికి సుమారు సగం మంది చనిపోయారు. వాళ్ళ ఊరు ప్లిమత్, వాళ్ళ చరిత్ర రాసినవాడు గవర్నర్ విలియం బ్రాడ్‌ఫర్డ్.

1630లో జాన్ విన్‌త్రోప్ నాయకత్వంలో మసాచుసెట్స్ బే వలసకు వచ్చినవాళ్ళు వేరు. వాళ్ళు చర్చిని వదలలేదు, దూరంగా ఉండి సరిచేస్తామన్నారు. డబ్బు, చదువు, జనం అన్నీ వాళ్ళకే ఎక్కువ. ఆ దశాబ్దంలో సుమారు 20,000 మంది న్యూ ఇంగ్లండ్ చేరారు. 1691లో ప్లిమత్‌ను మసాచుసెట్స్‌లో కలిపేశారు.

బ్రాడ్‌ఫర్డ్ పుస్తకం గురించి ఒక సంగతి. ఆయన 1630లో మొదలుపెట్టి సుమారు రెండు దశాబ్దాలు రాసిన ఆ చేతిరాత ప్రతి అమెరికా నుంచి మాయమై, లండన్ బిషప్ గ్రంథాలయంలో తేలింది. పూర్తిగా అచ్చయింది 1856లో. అసలు ప్రతి 1897లో మసాచుసెట్స్‌కు తిరిగి వచ్చింది. ‘తొలి పుస్తకం’ అని మనం చదువుతున్న దాన్ని దాదాపు రెండు వందల ఏళ్ళపాటు మామూలు పాఠకులు చూడనేలేదు.

వాళ్ళ నమ్మకాల్లో సాహిత్య విద్యార్థికి నిజంగా కావలసినవి ఏవి?

1618–19లో హాలండ్‌లోని డార్ట్ పట్టణంలో జరిగిన మహాసభ, 16వ శతాబ్దపు మత సంస్కర్త జాన్ కాల్విన్ అనుచరుల బోధను స్థిరపరిచింది. దాన్ని ఐదు మాటల్లో చెబుతారు. ఆదాము పాపం వల్ల మనిషి పూర్తిగా చెడిపోయాడు. ఎవరిని రక్షించాలో దేవుడు వాళ్ళ మంచితనంతో పనిలేకుండా ముందే ఏర్పరచుకున్నాడు. క్రీస్తు మరణం ఆ ఏర్పరచుకున్నవాళ్ళ కోసమే. కృప వచ్చిందంటే మనిషి దాన్ని అడ్డుకోలేడు. అలా రక్షణ పొందినవాడు చివరిదాకా దాన్ని పోగొట్టుకోడు. గైడుల్లో ఈ ఐదింటికీ ఇచ్చే ‘ట్యూలిప్’ అనే కొండగుర్తు 20వ శతాబ్దంలో వచ్చింది. ప్యూరిటన్లు ఆ మాట వాడినట్టు జవాబు రాయకండి.

సాహిత్యానికి ఈ ఐదుతో పాటు మరో రెండు మాటలు అవసరం. ఒకటి నిబంధన. దేవుడికీ మనిషికీ, సంఘంలో సభ్యుల మధ్య, ఊరికీ పాలకుడికీ మధ్య ఉన్న ప్రతి బంధాన్నీ వాళ్ళు ఒప్పందంగా చూశారు. మేఫ్లవర్ ఓడలో 41 మంది పురుషులు సంతకాలు చేసిన ఒడంబడిక ఆ ఆలోచనలోంచే వచ్చింది. రెండోది దైవపాలన. వాన, జబ్బు, ఓడ మునక, ఆవు తప్పిపోవడం, ఏదీ ఊరికే జరగదు. ప్రతిదానిలో దేవుడు ఏదో చెబుతున్నాడు, దాన్ని చదివి తెలుసుకోవాలి. వాళ్ళ గద్యంలో చిన్న సంఘటనకు కూడా అంత బరువు ఉండటానికి కారణం ఇదే.

అన్నీ ముందే నిర్ణయమైతే మంచిగా బతకడం ఎందుకు? ఇది మన తలరాత లాంటిదేనా?

తలరాత అన్నప్పుడు మనం పెళ్ళి, ఉద్యోగం, చావు వంటి ఈ జన్మ సంగతుల గురించి మాట్లాడతాం. ప్యూరిటన్‌ను వేధించిన ప్రశ్న చనిపోయాక ఏమవుతాననేది. కర్మ సిద్ధాంతానికైతే ఇది పూర్తిగా ఎదురు. కర్మలో చేసినది అనుభవంలోకి వస్తుంది. ఇక్కడ మనిషి ఏం చేసినా రక్షణ సంపాదించుకోలేడు.

మరి మంచి నడవడి ఎందుకంటే, అది కారణం కాదు, గుర్తు. జ్వరం తగ్గితే ఆకలి వేస్తుంది. ఆకలి వేసినందువల్ల జ్వరం తగ్గదు. అలాగే కృప పొందినవాడి బతుకు మారుతుంది, బతుకు మార్చుకున్నంత మాత్రాన కృప రాదు. చిక్కు ఏమిటంటే ఆ గుర్తును నటించవచ్చు, తనను తానే మోసం చేసుకోవచ్చు కూడా. ‘నాకు రక్షణ ఖాయం’ అని నిబ్బరంగా ఉంటే అది గర్వం, ‘నాకు లేనే లేదు’ అని కూలబడితే అది నిరాశ. రెండూ పాపాలే. అందుకే రోజూ తన మనసును తానే సోదా చేసుకోవాలి, ఆ సోదాకు డైరీ కావాలి. న్యూ ఇంగ్లండ్‌లో ఇన్ని డైరీలు, ఆత్మకథలు పుట్టిన చోటు ఇదే.

ఇంకా బయటి ఒత్తిడి కూడా ఉంది. మసాచుసెట్స్‌లో సంఘ సభ్యత్వం కావాలంటే తన మనసులో కృప ఎలా పనిచేసిందో చెప్పాలి. తెలుగు సంఘాల్లో ‘సాక్ష్యం చెప్పడం’ అంటామే, దాదాపు అదే. అక్కడి కేంబ్రిడ్జ్ ఊరి పాస్టర్ థామస్ షెపర్డ్ తన సంఘంలో చేరినవాళ్ళ సాక్ష్యాలు నోటుపుస్తకంలో రాసిపెట్టాడు. వాటిలో పనివాళ్ళవీ ఆడవాళ్ళవీ కూడా ఉన్నాయి. వాటి నడక ఇంచుమించు ఒకటే: పాపభయం, ఒక ప్రసంగమో వచనమో గుచ్చుకోవడం, కొంత ఊరట, మళ్ళీ సందేహం, చివరికి జాగ్రత్తతో కూడిన చిన్న ఆశ. ఈ వరుస గుర్తుంచుకోండి. కవితల్లో, చెరలో పడినవారి కథల్లో, 18వ శతాబ్దపు బోధకుడు జొనాథన్ ఎడ్వర్డ్స్ ఆత్మకథలో ఇదే మళ్ళీ కనిపిస్తుంది.

ఇక్కడే వ్యవస్థ బెడిసికొట్టింది కూడా. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు గాని చాలామంది అలాంటి అనుభవం చెప్పలేకపోయారు. వాళ్ళ పిల్లలకు బాప్తిస్మం ఎలా? 1662లో ‘సగం దారి నిబంధన’ పేరుతో ఒక రాజీ తెచ్చారు. పూర్తి సభ్యత్వం లేకపోయినా బిడ్డలకు బాప్తిస్మం ఇవ్వవచ్చు, ప్రభురాత్రి భోజనం మాత్రం ఉండదు. ‘తండ్రుల భక్తి మనలో లేదు’ అని వాపోయే ప్రసంగాలు ఈ కాలంలోనే పెరిగాయి. యిర్మీయా ప్రవక్త పేరు మీద వాటిని జెరెమియాడ్ అంటారు.

మతం కోసం వచ్చినవాళ్ళు బడులకీ అచ్చుకీ అంత ప్రాధాన్యం ఎందుకిచ్చారు?

ప్రతివాడూ బైబిల్ తానే చదవాలి కనుక. 1636లో హార్వర్డ్ కాలేజీ పెట్టడానికి నిర్ణయించారు, అంటే విన్‌త్రోప్ దిగిన ఆరేళ్ళకే. 1647 చట్టం ప్రకారం 50 కుటుంబాలున్న ఊరు చదవడం రాయడం నేర్పే పంతులును పెట్టుకోవాలి, 100 కుటుంబాలైతే లాటిన్ నేర్పే గ్రామర్ స్కూలు నడపాలి. మనుషులను లేఖనాలకు దూరంగా ఉంచడమే సాతాను పన్నాగమని ఆ చట్టం మొదట్లోనే రాసుకున్నారు.

కేంబ్రిడ్జ్‌లో నెలకొల్పిన ముద్రణాలయంలో 1640లో ‘బే సామ్ బుక్’ అనే కీర్తనల పుస్తకం అచ్చయింది. బ్రిటిష్ ఉత్తర అమెరికాలో అచ్చయిన తొలి పుస్తకం అదే. 1,700 ప్రతులు వేస్తే ఇప్పుడు 11 మిగిలాయి. అదే ఊళ్ళో 1663లో జాన్ ఎలియట్ అనువదించిన పూర్తి బైబిల్ మసాచుసెట్ మూలవాసుల భాషలో వచ్చింది. అమెరికాలో అచ్చయిన మొదటి బైబిల్ ఇంగ్లిష్‌ది కాదన్నమాట. దాని అక్షరాలు కూర్చినవాళ్ళలో నిప్మక్ జాతివాడైన జేమ్స్ ప్రింటర్ ఒకడు. పాఠ్యపుస్తకాలు ఆయన పేరు తలవకపోవడం అన్యాయం.

‘సాదా శైలి’ అంటే అలంకారాలు లేకుండా రాయడమేనా?

అలా అనుకుంటే పొరపాటు. వాళ్ళు వద్దన్నది అలంకారాన్ని కాదు, అర్థాన్ని కప్పేసే అలంకారాన్ని. లాటిన్, గ్రీకు ఉటంకింపులతో, శబ్ద చమత్కారంతో మెరిసే ఆంగ్లికన్ ప్రసంగాలు వాళ్ళకు నచ్చలేదు. పొలం, వంటిల్లు, మగ్గం, సముద్రం నుంచి తెచ్చిన పోలికలు మాత్రం దండిగా వాడారు. బైబిల్ కూడా అలాగే మాట్లాడుతుంది కదా.

‘బే సామ్ బుక్’ ముందుమాటలో ఒక వాక్యం ఉంది: దేవుని బలిపీఠానికి మన మెరుగులు అక్కరలేదు. హీబ్రూ మూలానికి విధేయంగా ఉంటూ పాటకు సరిపోవాలంటే వాక్యాన్ని మెలిపెట్టక తప్పదు. 23వ కీర్తన మొదటి పంక్తిని ఇంగ్లిష్ సహజ వరుస తప్పించి ‘ప్రభువు నాకు కాపరి’ అనే క్రమంలో తిప్పి పెట్టారు. వినడానికి మొరటుగానే ఉంటుంది. తెలిసే అలా ఉంచారు.

ప్రసంగాన్ని సాహిత్యంగా ఎలా చదవాలి?

ముందు దాన్ని భాగాలుగా విడదీయండి. ఇంగ్లండ్ ప్యూరిటన్ బోధకుడు విలియం పెర్కిన్స్ నేర్పిన పద్ధతి ప్రకారం వరుస ఇది: వచనం, ఆ వచనానికి సందర్భం, వివరణ, అందులోంచి తీసిన ఒకే వాక్యపు సిద్ధాంతం, దానికి సంఖ్యలు వేసిన కారణాలు, చివర ‘ఉపయోగం’, అంటే వింటున్నవారి బతుక్కి అన్వయం. పెన్సిల్‌తో మార్జిన్‌లో ఈ పేర్లు రాసుకుంటూ వెళ్తే ఎంత పొడవైన ప్రసంగమైనా లొంగుతుంది.

జొనాథన్ ఎడ్వర్డ్స్ 1741 జులై 8న ఎన్‌ఫీల్డ్‌లో చెప్పిన ‘సిన్నర్స్ ఇన్ ది హ్యాండ్స్ ఆఫ్ యాన్ యాంగ్రీ గాడ్’ తీసుకోండి. వచనం ద్వితీయోపదేశకాండం 32:35, తగిన కాలంలో వాళ్ళ కాలు జారుతుందన్నది. సిద్ధాంతం: దుష్టులు ఈ క్షణాన నరకంలో పడకుండా ఆపుతున్నది దేవుని ఇష్టం ఒక్కటే. తర్వాత పది కారణాలు. అప్పటిదాకా దాదాపు అంతా ‘వాళ్ళు’ గురించే. అన్వయం మొదలవగానే సర్వనామం మారి ‘మీరు’ అవుతుంది. మంట మీద వేలాడే సాలెపురుగు వచ్చేది ఆ తర్వాతే. పురుగును చూసి భయపడడం కాదు, ఆ పురుగు నేనే అని తెలియడం, అదీ దెబ్బ. ఏడుపులు, కేకల మధ్య ప్రసంగం ఆపాల్సి వచ్చిందని అక్కడే ఉన్న ఒక పాస్టర్ తన డైరీలో రాసుకున్నాడు.

తరచూ జరిగే తప్పు: ఈ ఒక్కటే చదివి ఎడ్వర్డ్స్ అంటే నరకం బోధకుడని, ప్యూరిటన్లందరూ ఇలాగే మాట్లాడారని రాయడం. ఎడ్వర్డ్స్ విన్‌త్రోప్ తర్వాత వందేళ్ళకు వచ్చినవాడు. ఆయన ఆత్మకథ ‘పర్సనల్ నెరేటివ్’లో ఉరుమంటే భయపడిన మనిషి అదే ఉరుములో దేవుని స్వరం విని మురిసిపోతాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

యాన్ బ్రాడ్‌స్ట్రీట్ కవిత్వంలో భక్తి ఉందా, తిరుగుబాటు ఉందా?

1630లో ‘అర్బెల్లా’ ఓడలో వచ్చిన ఆమెకు అప్పటికి సుమారు 18 ఏళ్ళు. ఎనిమిది మంది పిల్లల తల్లి. ఆమె చెల్లెలి భర్త జాన్ వుడ్‌బ్రిడ్జ్ ఆమెకు తెలియకుండా కవితలు లండన్ తీసుకెళ్ళి 1650లో ‘ది టెన్త్ మ్యూజ్’ పేరుతో అచ్చు వేయించాడు.

మీ ప్రశ్నకు జవాబు ఒక కవితలోనే దొరుకుతుంది. 1666 జులై 10న ఇల్లు కాలిపోయినప్పుడు రాసిన 54 పంక్తులవి. రాత్రి ‘మంటలు’ అన్న కేకలతో మెలకువ, బయటికి పరుగు. ఇల్లు మండుతుండగానే యోబు మాట తలచుకుంటుంది: ‘యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొని పోయెను.’ సిద్ధాంతం ప్రకారం కవిత అక్కడితో అయిపోవాలి. అవలేదు. ఆమె తర్వాత ఆ బూడిద పక్కనుంచి నడిచి వెళ్తూ చూస్తుంది. ఇక్కడ పెట్టె ఉండేది, అక్కడ భోషాణం ఉండేది. ఈ కప్పు కింద ఇక అతిథి కూర్చోడు, ఈ బల్ల దగ్గర ఇక కబుర్లు ఉండవు, దీపం వెలగదు, పెళ్ళికొడుకు గొంతు వినబడదు. సరిగ్గా ఇక్కడ ఆమె తన మనసును తానే మందలించుకుంటుంది: నీ ధనం మట్టిలోనా ఉంది? పైన ఇంకో ఇల్లుంది, దాన్ని కట్టిన వాస్తుశిల్పి గొప్పవాడు. చివరి రెండు పంక్తుల్లో ఈ లోకాన్ని ఇక ప్రేమించనివ్వకు అని వేడుకుంటుంది. ఇక ప్రేమించను అని ఆమె అనలేదు, గమనించండి. ప్రేమ ఇంకా ఉంది కాబట్టే ఆ ప్రార్థన.

దీన్ని తిరుగుబాటు అంటే కవిత చిన్నదైపోతుంది, ఉత్త భక్తి అన్నా అంతే. లోకం మీది ప్రేమను నెమ్మదిగా మాన్పించాలన్నది ప్యూరిటన్ బోధ, తల్లి బిడ్డకు పాలు మాన్పించినట్టు. మాన్పించేటప్పుడు బిడ్డ ఏడుస్తుంది. ఆ ఏడుపును దాచకపోవడంలోనే ఈ కవి గొప్పదనం ఉందని మా అభిప్రాయం.

ఎడ్వర్డ్ టేలర్ ‘హస్విఫరీ’ ఎందుకు కష్టంగా ఉంటుంది?

నూలు వడికే పని తెలియకపోవడం వల్ల. పని తెలిస్తే 18 పంక్తులూ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. చేనేత ఇళ్ళున్న ఊళ్ళవాళ్ళకు ఇది ఇంగ్లిష్ వాళ్ళకంటే సులువుగా అందుతుంది.

మొదటి ఆరు పంక్తులు రాట్నం. దేవుడు వడికేవాడు, కవి రాట్నం. వడకని ఉన్నిని చుట్టి పట్టుకునే కర్ర దేవుని వాక్యం. దారానికి పురి పెట్టి కండె మీదికి పంపే రెక్కలు కవి హృదయంలోని మొగ్గులు. దారం చుట్టుకునే కండె ఆత్మ. ఆ కండె నుంచి దారాన్ని చిలపగా చుట్టే పరికరాన్ని ‘కాన్వర్‌సేషన్’ అంటాడు. ఇక్కడే అందరూ జారిపడతారు. 17వ శతాబ్దంలో ఆ మాటకు సంభాషణ అనే కాదు, నడవడి అనే అర్థం ఉంది. లోపల వడికిన కృప బయటి ప్రవర్తన మీదికి చుట్టుకుంటుంది అంటున్నాడు. పైన చెప్పిన జ్వరం, ఆకలి వరుసే ఇది.

రెండో ఆరు పంక్తుల్లో కవి మగ్గం అవుతాడు. పరిశుద్ధాత్మ పేక కండెలు చుడుతుంది, దేవుడే నేస్తాడు. నేసిన ఉన్ని బట్టను తడిపి దంచి చిక్కన చేసే మిల్లు బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం వంటి సంస్కారాలు. తర్వాత రంగు అద్దకం, పువ్వులు. మూడో ఆరింటిలో ఆ బట్టను బుద్ధికీ సంకల్పానికీ మనస్సాక్షికీ జ్ఞాపకానికీ తొడుగుతారు. మొత్తం కవితలో మనిషి చేసే పని ఒక్కటీ లేదు, ‘నన్ను చెయ్యి’ అని అడగడం తప్ప. సిద్ధాంతం పనిముట్ల అమరికలోనే ఉంది.

టేలర్ వెస్ట్‌ఫీల్డ్ అనే సరిహద్దు ఊళ్ళో పాస్టరు. ప్రభురాత్రి భోజనానికి ముందు మనసు సిద్ధం చేసుకోవడానికి 1682 నుంచి 1725 దాకా రెండు వందలకు పైగా ధ్యాన కవితలు రాశాడు. 1729లో చనిపోయాడు. యేల్ గ్రంథాలయంలో ఉన్న చేతిరాత ప్రతిని 1937లో గుర్తించేదాకా ఆయన కవి అని లోకానికి తెలియదు. అందుకే ‘టేలర్ ప్రభావం హాథోర్న్ మీద’ వంటి వాక్యం రాయకండి, 19వ శతాబ్దపు నవలాకారుడైన హాథోర్న్ ఆయన్ను చదివే వీలే లేదు.

ఆ రోజుల్లో జనం ఎక్కువగా చదివిన పుస్తకం ఏది?

మైకేల్ విగిల్స్‌వర్త్ 1662లో అచ్చు వేసిన ‘ది డే ఆఫ్ డూమ్’. తీర్పుదినం గురించి 224 చరణాలు, జానపద గేయపు నడక. 1,800 ప్రతులు ఏడాదిలో అమ్ముడుపోయాయి. పసితనంలోనే చనిపోయిన పిల్లలు దేవుడితో వాదిస్తారు, ఆదాము చేసినదానికి మాకెందుకు శిక్ష అని. వాళ్ళకు నరకంలో అన్నిటికంటే తేలికైన గది దొరుకుతుంది. కవిత్వంగా పెద్ద ఎత్తు కాదు గాని, పిల్లలు ఆ వాదన అడిగే తీరు నిజంగా కలచివేస్తుంది.

మేరీ రోలాండ్‌సన్ కథ చరిత్రా, ప్రచారమా?

రెండూ ఉన్నాయి, వాటి మధ్య పగులే చదవాల్సింది. 1676 ఫిబ్రవరి 10న లాంకాస్టర్ మీద దాడిలో ఆమె పట్టుబడింది. న్యూ ఇంగ్లండ్ మూలవాసులు తమ నేలను ఆక్రమించుకుంటున్న వలసవాళ్ళ మీద చేసిన ఆ యుద్ధాన్ని ఇంగ్లిష్ వాళ్ళు ‘కింగ్ ఫిలిప్స్ వార్’ అన్నారు. గాయపడిన ఆరేళ్ళ కూతురు ఆమె చేతుల్లోనే చనిపోయింది. పదకొండు వారాల తర్వాత 20 పౌన్లకు విడుదల. పుస్తకం 1682లో వచ్చింది. అధ్యాయాలను ‘రిమూవ్’లు అంటుంది, అంటే మకాం మార్పులు, మొత్తం 20.

మెడ్‌ఫీల్డ్ దాడి నుంచి తిరిగొచ్చిన ఒక మూలవాసి తన బుట్టలోని బైబిల్ ఆమెకు ఇస్తాడు. ఆమె తెరిస్తే ద్వితీయోపదేశకాండం 28, శాపాల అధ్యాయం. చదువుతూ పోతే 30వ అధ్యాయంలో తిరిగి సమకూర్చే వాగ్దానం. తన బతుకును ఇశ్రాయేలీయుల చెరతో పోల్చుకుంటుంది. పాత నిబంధన సంఘటన తర్వాతి దానికి ఛాయగా నిలిచే ఈ పద్ధతినే టైపాలజీ అంటారు. ఇదంతా సిద్ధాంతం చెప్పినట్టే. కానీ ఆకలి వచ్చేసరికి వాక్యం మారుతుంది. ఒక బిడ్డ నమలలేక చప్పరిస్తున్న గుర్రపు కాలి ముక్కను లాక్కుని తాను తిన్నానని రాస్తుంది, రుచిగా ఉందని కూడా. వచనం అతికించినా ఆ గుర్రపు కాలు కప్పబడదు.

‘కొండమీది పట్టణం’ అంటే అమెరికా గొప్పతనం చాటుకోవడమేనా?

‘ఎ మోడల్ ఆఫ్ క్రిస్టియన్ చారిటీ’ అనే ప్రసంగంలో ఆ మాట వాడిన విన్‌త్రోప్ ఉద్దేశంలో కాదు. మత్తయి 5:14లోని ‘కొండమీద నుండు పట్టణము మరుగైయుండనేరదు’ అన్న మాట అది. లోకమంతా మనల్ని చూస్తోంది, నిబంధన తప్పితే నలుగురిలో నగుబాటు అవుతాం అన్నది హెచ్చరిక. పైగా 1838 దాకా ఆ ప్రసంగం అచ్చే కాలేదు. 1961లో కెన్నెడీ, తర్వాత రీగన్ వాడాకే అది దేశం గర్వంగా చెప్పుకునే మాటైంది.

నల్లబట్టలు, మద్యం వద్దనడం, మంత్రగత్తెలను తగలబెట్టడం ఇవన్నీ నిజమేనా?

మంచి నల్లరంగు అద్దకం ఖరీదైనది. రోజువారీ బట్టలు గోధుమ, ఆకుపచ్చ, ముదురు ఎరుపు ఛాయల్లో ఉండేవి. బీరు ఇంటింటా తాగారు, తప్పని చెప్పింది తాగి తూలడాన్ని. క్రిస్మస్ నిషేధం మాత్రం నిజం: 1659 చట్టం ప్రకారం జరుపుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా, 1681లో ఎత్తేశారు.

సేలంలో 1692లో ఎవరినీ తగలబెట్టలేదు. 19 మందిని ఉరితీశారు, వాళ్ళలో 14 మంది ఆడవాళ్ళు. జవాబు చెప్పనన్న జైల్స్ కోరీని బరువులు పెట్టి నొక్కి చంపారు. ‘ఆమె ఆకారం వచ్చి నన్ను హింసించింది’ అన్న సాక్ష్యాన్ని కోర్టు ఒప్పుకోవడమే ఘోరానికి మూలం. కనబడేదాన్ని గుర్తుగా చదివే అలవాటు ఇక్కడ మనుషుల ప్రాణం తీసింది. న్యాయమూర్తుల్లో శామ్యూల్ సూవల్ 1697లో సంఘం ముందు నిలబడి, పాస్టరు చదువుతుండగా తన తప్పు ఒప్పుకున్నాడు. 1700లో బానిసత్వానికి వ్యతిరేకంగా ‘ది సెల్లింగ్ ఆఫ్ జోసెఫ్’ రాసిందీ ఆయనే. ఆయన డైరీ తప్పక చదవాల్సినది.

వాళ్ళతో విభేదించినవాళ్ళు ఏమయ్యారు? తెలుగువాళ్ళకు ఇందులో సంబంధం ఏమైనా ఉందా?

యాన్ హచిన్సన్ మీద 1637లో విచారణ జరిపి వెలివేశారు. దేవుడు తన ఆత్మతో నేరుగా మాట్లాడాడన్న మాట ఆమెను పట్టించింది. ప్రతి మనిషిలోనూ దేవుని వెలుగు ఉందని నమ్మే క్వేకర్ శాఖకు చెందిన మేరీ డయ్యర్‌ను 1660లో బోస్టన్‌లో ఉరితీశారు. రాజ్యం మనస్సాక్షి మీద పెత్తనం చేయకూడదన్న రోజర్ విలియమ్స్ వెలివేత తర్వాత 1636లో ప్రావిడెన్స్ స్థాపించాడు. అమెరికాలో తొలి బాప్టిస్ట్ సంఘం అక్కడే మొదలైంది. 1651లో ఒబడియా హోమ్స్ అనే బాప్టిస్ట్‌కు బోస్టన్‌లో 30 కొరడా దెబ్బలు కొట్టారు.

మన సంబంధం ఈ వైపు నుంచే. శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ 1836లో తెలుగు నేలకు వచ్చి, 1840లో నెల్లూరులో మిషన్ నెలకొల్పాడు. నెల్లూరు, ఒంగోలు బాప్టిస్ట్ సంఘాల మూలాలు వెతికితే ప్యూరిటన్లు కొరడాతో కొట్టినవాళ్ళ వారసుల దగ్గరికి చేరతాం.

తర్వాతి రచయితల మీద ప్రభావం చూపించడానికి గట్టి ఆధారాలు ఏవి?

ఫ్రాంక్లిన్ ఆత్మకథలో 13 సుగుణాల పట్టిక ఉంది: ఏడు నిలువు గడులు వారానికి, 13 అడ్డ వరుసలు గుణాలకు, తప్పు చేస్తే నల్లచుక్క. ప్యూరిటన్ డైరీలోంచి దేవుడి కృపను తీసేస్తే మిగిలే లెక్కల పుస్తకం అది. బోస్టన్ పాస్టర్ కాటన్ మాదర్ 1710లో రాసిన ‘బొనిఫేసియస్’ తన మీద పనిచేసిందని ఫ్రాంక్లిన్ స్వయంగా చెప్పుకున్నాడు.

హాథోర్న్ పూర్వీకుడు జాన్ హాథార్న్ సేలం విచారణలో న్యాయమూర్తి. ‘ది స్కార్లెట్ లెటర్’ 1850లో వచ్చింది. అందులో ‘ఎ’ అక్షరాన్ని ఊరంతా ఒక్కో రకంగా చదువుతుంది, ఆకాశంలో ఉల్కను కూడా. గుర్తులు చదివే అలవాటు మిగిలింది, సరైన చదువు ఒకటుందన్న నమ్మకం పోయింది. ఆ నవలను 1640ల చరిత్రకు సాక్ష్యంగా మాత్రం వాడకండి. ఎమిలీ డికిన్సన్ ఎనిమిది, ఆరు అక్షరాల కీర్తన నడకను తీసుకుని సంఘంలో చేరకుండానే సందేహాన్ని పాడింది.

పాత ప్రతులు చదివేటప్పుడు ఏం చూసుకోవాలి?

తేదీలు ముందు. అప్పటి ఇంగ్లిష్ వాళ్ళకు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుకే రోలాండ్‌సన్ పుస్తకంలో దాడి జరిగిన ఏడు 1675 అని ఉంటుంది, మన లెక్కలో 1676. రెండూ కలిపి 1675/76 అని రాస్తే గొడవ లేదు. 17వ శతాబ్దపు తేదీలకు పది రోజులు కలిపితే ఇప్పటి క్యాలెండర్ తేదీ వస్తుంది. 1752లో పద్ధతి మారింది.

ఎఫ్‌లా కనిపించే పొడవైన అక్షరం చాలాచోట్ల ఎస్. ‘యీ’ అని కనిపించేది పాత అక్షరం పోలిక వల్ల అలా అచ్చయిన ‘ది’. ‘సెయింట్’ అంటే విగ్రహం పెట్టిన పునీతుడు కాదు, సంఘంలో సభ్యుడైన విశ్వాసి. ‘పెయిన్‌ఫుల్ ప్రీచర్’ అంటే విసిగించేవాడు కాదు, శ్రమపడి సిద్ధమయ్యేవాడు.

ఏ వరుసలో చదివితే మంచిది?

‘హస్విఫరీ’తో మొదలుపెట్టండి, 18 పంక్తులే. తర్వాత బ్రాడ్‌స్ట్రీట్ ఇల్లు కాలిన కవిత. ఈ రెండూ చేతికొచ్చాక రోలాండ్‌సన్‌ను ఒకే విడతలో చదవండి, ముక్కలు చేస్తే ఆకలి తీవ్రత తగ్గుతుంది. విన్‌త్రోప్ ప్రసంగంలో చివరి పేజీలు ముందు చదివి వెనక్కి వెళ్ళండి. బ్రాడ్‌ఫర్డ్‌లో సముద్ర ప్రయాణాన్నీ చలికాలపు తీరానికి చేరడాన్నీ వర్ణించిన తొమ్మిదో అధ్యాయం చాలు. ఎడ్వర్డ్స్‌ను చివర పెట్టుకోండి, ‘పర్సనల్ నెరేటివ్’ ముందు, ఎన్‌ఫీల్డ్ ప్రసంగం తర్వాత. ఆ ప్రసంగాన్ని కళ్ళతో కాకుండా పైకి చదవండి, ‘వాళ్ళు’ పోయి ‘మీరు’ వచ్చే చోటు గొంతుకే తెలుస్తుంది.